రాత్రి పదిహేను నిమిషాల ఆత్మపరిశోధన ఎలా చేయాలి

మా విచారణలో, అంటే మా కతోలిక చర్చి పరిధిలో, పెద్దలకు జ్ఞానోపదేశం (విశ్వాస పాఠాలు) చెప్పే ఆదివారాల్లో రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. ‘‘దేవుడు నన్నెందుకు పుట్టించాడో ఎలా తెలుస్తుందండీ?’’ అని చదువు ముగించిన పిల్లలూ, ఉద్యోగం నుంచి విరమించిన పెద్దలూ అడుగుతారు. ‘‘వినయం ఎలా అలవడుతుంది?’’ అని ఎక్కువగా ఇంట్లో మాటా మాటా అనుకుని వచ్చినవాళ్లు అడుగుతారు. మొదటిదానికి జవాబు మనందరికీ చిన్నప్పుడే కంఠతా వచ్చు. దేవుణ్ణి తెలుసుకోవడానికి, ప్రేమించడానికి, సేవించడానికి, చివరకు మోక్షంలో ఆయనతో ఉండడానికి. జవాబులో లోపం లేదు. మంగళవారం సాయంత్రం నాలుగింటికి, పై అధికారి నలుగురి ముందూ అరిచి వెళ్లాక, ఆ జవాబును ఎక్కడ తగిలించుకోవాలో తెలియకపోవడమే మన బాధ.

రెండు ప్రశ్నలకూ నేను చెప్పేది ఒకే పని: రోజూ రాత్రి పదిహేను నిమిషాల ఆత్మపరిశోధన. పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) ముందు హడావుడిగా చేసుకునే పాపాల లెక్క వేరు, ఇది వేరు. దీన్ని అయిదు అంశాలుగా అమర్చి ఇచ్చినవారు లొయోలాపురి పునీత ఇగ్నేషియస్. విజయవాడలోని ఆంధ్రా లొయోలా కళాశాల పేరులో ఉన్నది ఆయన పుట్టిన చోటే. 1521లో స్పెయిన్‌లోని పాంప్లోనా కోట దగ్గర యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, ఇంట్లో మంచం పట్టారు. వీరుల కథలు తెమ్మంటే ఇంట్లో దొరికినవి క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు. కాసేపు రాజసభలో వెలిగిపోతున్నట్టు ఊహించుకునేవారు, కాసేపు పునీతుల్లా బతుకుతున్నట్టు. ఊహిస్తున్నంతసేపూ రెండూ తీపే. అయిపోయాక మొదటిది నోరు ఎండగట్టేది, రెండోది నిండుగా ఉంచేది. ఆ తేడాను ఆయన గమనించారు. మనమూ చేయబోయేది అదే. సిద్ధాంతం ఇంతటితో చాలు.

కావలసినవి

జేబులో పట్టే రూళ్ల నోటు పుస్తకం ఒకటి, పెన్సిలు ఒకటి. పదిహేను నిమిషాలు. చూసుకోవడానికి గోడ గడియారమో వంటింటి టైమరో. ఫోను మాత్రం వేరే గదిలో ఉండాలి. టైము చూద్దామని చేతిలోకి తీసుకున్న ఫోను ఎక్కడికి తీసుకుపోతుందో మీకు చెప్పనక్కర్లేదు. నెలకోసారైనా మీ పాపసంకీర్తనం వినే గురువు ఒకరు, వీలైతే ప్రతిసారీ ఆయనే. కొవ్వొత్తి, సంగీతం, ప్రత్యేకమైన చాప, ఇవేమీ అవసరం లేదు. వాటిని అమర్చుకోవడంలోనే వారం గడిపినవాళ్లు నాకు తెలుసు.

చేసే విధానం

1. వేళ నిర్ణయించుకోండి. (ఇది సన్నాహం. ఇగ్నేషియస్ చెప్పిన అయిదూ రెండో అంకె నుంచి మొదలవుతాయి.) రాత్రి భోజనం అయ్యాక, పడక ఎక్కకముందు. మంచం మీద చేస్తే రెండో అంశానికే గురక వస్తుంది. కుర్చీలోనో అరుగు మీదో కూర్చోండి. రాత్రి డ్యూటీ చేసే నర్సులు ఉదయం ఇంటికొచ్చి చెప్పులు విప్పిన వెంటనే చేసుకోవచ్చు. పొలం పనివాళ్లకు మధ్యాహ్నం చెట్టు నీడ బాగుంటుంది. చంటిపిల్లల తల్లులు పాలిస్తూ చేయవచ్చు, రాయకపోయినా ఫరవాలేదు.

2. మూడు మేళ్లకు కృతజ్ఞత చెప్పండి. ‘అన్నిటికీ వందనాలు ప్రభువా’ అంటే లెక్కలోకి రాదు. ‘మెట్ల దగ్గర పక్కింటి పిల్లాడు సంచి అందుకున్నాడు’ అని చెప్పండి. వస్తువు, మనిషి, వేళ కనిపించాలి. ఇది పాపాల కంటే ముందు రావడానికి కారణం ఉంది. అందినవి ముందుగా గుర్తుకొస్తే, ఆ రోజు మన ప్రతిభ మీదే నడవలేదని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. వినయానికి సగం పని ఇక్కడే అయిపోతుంది.

3. వెలుగు అడగండి. ‘పవిత్రాత్మమా, ఈ రోజును నీవు చూసినట్టు చూపించు’ అన్న ఒక్క వాక్యం చాలు. దీన్ని దాటేస్తే మిగిలేది మన తీర్పు మనమే రాసుకోవడం. అప్పుడు జడ్జీ మనమే, వకీలు మనమే. కేసు గెలిచేది ఎవరో వేరే చెప్పాలా?

4. రోజును గంట గంటకూ నడవండి. అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే, ఏడెనిమిది నిమిషాలు. లేచినప్పటి నుంచి వరుసగా రండి. ఎక్కడ మనసు ఆగితే అక్కడ ఒక్క ముక్క రాయండి. వివరణలు రాయకండి. నా పాత పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది:

ఉ. 6.40. పాలు పొంగాయి. అమ్మాయిని కసిరాను. పొయ్యి దగ్గర ఉన్నది నేనే.
9.15. కండక్టరు చిల్లర ఇవ్వలేదు. ఊరుకున్నాను. మంచితనం కాదు, రెండు రూపాయలు అడిగితే నలుగురూ చూస్తారని.
మ. 1.30. కొత్త గుమస్తాకు పింఛను ఫైలు కట్టడం చూపించాను. అరగంట. బాగుంది.
సా. 5.00. మళ్లీ ఆ జాబితా.

‘ఆ జాబితా’ సంగతి చెప్పాలి. అప్పట్లో నేను పండుగ కమిటీలో ఉండేవాణ్ణి. పండుగ రోజు పూజ అయ్యాక మైకులో దాతల పేర్లు చదివారు. నా పేరు రాలేదు. రెండో వరుసలో నిలబడి, ముఖాన చిరునవ్వు అలాగే పెట్టుకుని, చివరి పేరు దాకా విన్నాను. ఆ తర్వాత ప్రసాదం పొట్లం ఎవరు చేతిలో పెట్టారో కూడా గుర్తు లేదు. పది రోజులు నా పుస్తకంలో అదే. పదకొండో రాత్రి రాసుకున్న మాట: ‘ఇచ్చింది అయిదు వేలు. కోపం యాభై వేలకు సరిపడా.’ అప్పటిదాకా ఆ డబ్బు దేవుడికి ఇచ్చాననే నమ్మాను. మా ఆవిడకు చెబితే, ‘‘అయిదు వేలకు ఇన్ని రాత్రుల నిద్రాండీ?’’ అంది. గంట గంటకూ నడవడం వల్ల లాభం ఇదే. గొప్ప పాపాలు దొరకవు, అసలు మనం దేనికోసం పని చేస్తున్నామో దొరుకుతుంది.

చదవడం రాయడం రానివారికి జపమాలే పుస్తకం. ఒక పదిపూసలు తీసుకుని పూసకో గంట చొప్పున రోజును తలచుకోవచ్చు.

5. ఒక్క తప్పుకు క్షమాపణ అడగండి. పేజీలో ఆరు కనిపించినా ఆ రాత్రికి మనసును ఎక్కువ గుచ్చినది ఒకటే తీసుకోండి. ఉత్తమ మనస్తాప జపం (పాపాలకు పశ్చాత్తాపం చెప్పే ప్రార్థన) నెమ్మదిగా చెప్పండి. మనిషికి చెప్పాల్సిన క్షమాపణ ఉంటే జపంతో సరిపెట్టకండి. రేపటి పనుల్లో అది మొదటిది.

6. రేపటికి ఒక్క పని రాసుకోండి. ‘రేపు వినయంగా ఉంటాను’ అని రాస్తే కొట్టేయండి. ఎవరితో, ఎక్కడ, ఎప్పుడు అన్నది ఉండాలి. ‘ఉదయం పాల దగ్గర అమ్మాయితో, పొరపాటు నాదని చెప్పాలి.’ ఎవరికీ కనిపించని పని అయితే మరీ మంచిది: ఆఫీసులో అందరూ తాగి వదిలేసిన గ్లాసులు కడగడం, వాట్సాప్ గుంపులో మన మాటే నెగ్గించే చివరి సందేశం పంపకుండా ఉండడం. పవిత్ర గురువారం (ఈస్టరుకు ముందు గురువారం) చర్చిలో పాదాలు కడిగించుకునే పన్నెండు మందిలో పేరు కోసం పట్టుబట్టేవాళ్లున్నారు. మిగతా రోజుల్లో ఇంట్లో ఎవరి కంచం కడిగామన్నది వారెవరూ అడగరు.

ఇంత చిన్న పనులతో ఏమవుతుందని అనిపిస్తే ఫ్రాన్సులోని లిస్యూ పునీత తెరేసమ్మను తలచుకోండి. 24 ఏళ్లకే, 1897లో మఠంలోనే కన్నుమూసిన ఆమె చేసినవి ఎక్కువగా ఇలాంటివే. బట్టలు ఉతికేచోట ఎదురుగా ఉన్న సిస్టరు మురికి నీళ్లు ముఖాన చిందిస్తుంటే, తుడుచుకుని ఆమెకు తెలిసేలా చేయడం మానుకుని, అలాగే ఉతికారు. నూరేళ్ల తర్వాత శ్రీసభ (కతోలిక సంఘం) ఆమెను మహా బోధకుల సరసన చేర్చింది.

పరలోక జపంతో ముగించండి. టైము అయిపోతే మధ్యలోనైనా ఆపేయండి.

పగటిపూట చేసే చిన్న అనుబంధం

ఒకే లోపం మళ్లీ మళ్లీ వస్తుంటే ఇగ్నేషియస్ చెప్పిన మరో ఉపాయం ఉంది. ఆ ఒక్క లోపానికి పేజీలో వారానికి ఏడు గీతలు గీయండి. పడినప్పుడల్లా, పక్కవారు గమనించకుండా, చేయి ఒకసారి గుండెకు తాకించండి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి, ఎన్నిసార్లో అన్ని చుక్కలు ఆ రోజు గీత మీద పెట్టండి. నిన్నటితో ఈ రోజును, పోయిన వారంతో ఈ వారాన్ని పోల్చండి. మొదటి వారం చుక్కలు పెరుగుతాయి. కంగారు పడకండి, ఇంతకుముందు లెక్కపెట్టలేదు, అంతే. నేను ‘ఎదుటివాళ్ల మాట మధ్యలో తుంచడం’ తీసుకున్నాను. మొదటి రోజు మధ్యాహ్నానికే పదకొండు చుక్కలు వచ్చాయి. అందులో రెండు, ఈ పద్ధతి గురించి స్నేహితుడికి చెబుతున్నప్పుడు వచ్చినవి.

జీవిత లక్ష్యం ఇందులో ఎక్కడ కనిపిస్తుంది?

వారానికోసారి, ఆదివారం మధ్యాహ్నం, ఏడు పేజీలూ తిరగేయండి. పని అయిపోయాక కూడా మనసు నిండుగా మిగిలిన చోట టిక్కు పెట్టండి. పని జరుగుతున్నంతసేపు సంబరంగా ఉండి, తర్వాత వెలితి మిగిల్చిన చోట సున్నా పెట్టండి. తేలికగా అయిందా, కష్టంగా అయిందా అన్నది చూడకండి. ఒంటి నొప్పులతో ఆసుపత్రిలో అత్తగారి దగ్గర గడిపిన రాత్రికి టిక్కు పడవచ్చు, బ్రహ్మాండంగా జరిగిన సన్మానానికి సున్నా పడవచ్చు.

నాలుగు వారాల తర్వాత టిక్కులన్నీ ఒక పక్కకు చేరుతుంటాయి. నా పుస్తకంలో అవి పండుగ కమిటీ సమావేశాల పక్కన ఒక్కటీ లేవు. కొత్త గుమస్తా, లెక్కలు రాని మా అన్న కొడుకు, ప్రార్థనలు నేర్పమన్న పెళ్లికూతురు, వీళ్ల పక్కనే ఉన్నాయి. ఎవరికైనా ఏదైనా నేర్పినప్పుడే నాకు ఆ నిండుదనం మిగిలేదని నలభై ఎనిమిదేళ్ల వయసులో పెన్సిలు గుర్తులు చూసి తెలుసుకున్నాను. కమిటీ వదిలి జ్ఞానోపదేశానికి రావడం వెనక ఇంతకుమించి కథ లేదు, దర్శనాలూ లేవు.

ఒక హెచ్చరిక ఇక్కడ తప్పనిసరి. మనసు ఎండిపోయి, ప్రార్థన రుచించక, అంతా వ్యర్థమనిపించే రోజుల్లో ముందు తీసుకున్న నిర్ణయాలు మార్చకండి. ఇది ఇగ్నేషియస్ పెట్టిన నియమం. నేను జాబితా కోపంలో ఉన్న పది రోజుల్లో రాజీనామా చేసి ఉంటే అది అలక అయ్యేది. కోపం పూర్తిగా చల్లారిన రెండు నెలలకు, విచారణ గురువులకు పుస్తకంలోని గుర్తులు చూపించి అడిగాకే వదిలాను.

‘లక్ష్యం, పిలుపు అంటే గురువులకు, కన్యస్త్రీలకు కదా’ అనేవారూ ఉన్నారు. పవిత్రతకు పిలుపు అందరికీ ఉందని రెండో వాటికన్ మహాసభ 1964లోనే స్పష్టంగా చెప్పింది. 2022 మే 15న పునీతుడిగా ప్రకటితుడైన దేవసహాయం పెళ్లైనవాడు, తిరువాన్కూరు రాజు కొలువులో ఉద్యోగి.

ఎక్కువమంది చేసే తప్పులు

అన్నిటికంటే పెద్దది, పుస్తకాన్ని ఇతరుల పద్దుగా మార్చడం. ‘వదిన ఇలా అంది, మేనేజరు అలా చేశాడు’ అని పేజీ నిండిపోతుంది. లూకా సువార్త 18వ అధ్యాయంలో దేవాలయానికి వెళ్లిన పరిసయ్యుణ్ణి గుర్తు చేసుకోండి. చూడబోతే అతడు చేసిందీ ఆత్మపరిశోధనే. కృతజ్ఞత చెప్పాడు, ఉపవాసాలు, దశమ భాగాలు వరుసగా చదివాడు. ఒక్క పొరపాటు, పక్కనున్న సుంకరి (పన్ను వసూలు చేసేవాడి) వైపు చూశాడు. మీ పేజీలో ప్రతి వాక్యం ‘నేను’ చేసిన పనిని చెప్పే క్రియతో ముగిసేలా చూసుకుంటే చాలు: కసిరాను, దాచాను, ఊరుకున్నాను.

రెండోది, తనను తాను తిట్టుకోవడమే వినయమనుకోవడం. ‘నేనెంత, నా బతుకెంత’ అని, ఎదుటివాళ్లు కాదనే దాకా ఎదురుచూడడం మనకు బాగా అలవాటు. వినయమంటే సత్యంలో నడవడమే అన్నారు ఆవిలాపురి పునీత తెరేసమ్మ. గొంతు బాగుంటే బాగుందనే అనాలి, గాయక బృందంలో పాడాలి. తలాంతును గుంటలో దాచినవాణ్ణి ప్రభువు వినయశీలి అని మెచ్చుకోలేదు.

మూడోది ప్రమాదకరం. చెప్పుకున్న పాపాన్నే మళ్లీ మళ్లీ తవ్వడం, క్షమాపణ దొరికిందో లేదోనని నిద్ర పోగొట్టుకోవడం. ఇగ్నేషియస్ కూడా స్పెయిన్‌లోని మన్రేసా ఊళ్లో దీనికి లోనై, ప్రాణం తీసుకోవాలన్న తలంపు దాకా వెళ్లారు. మీలో ఈ లక్షణం కనిపిస్తే నాలుగో అంశాన్ని వదిలేయండి. కొన్ని వారాలు రెండో అంశం ఒక్కటే, అయిదు నిమిషాలు చేయండి. ఒకే గురువు మాట మీద ఉండండి, పదిమందిని అడగకండి. దిగులు తగ్గకపోతే మానసిక వైద్యుణ్ణి కలవడం విశ్వాస లోపం కాదు.

నాలుగోది, హింసను వినయం పేరుతో భరించడం. ‘మీ ఆయన కొట్టినా సిలువగా మోయమ్మా’ అని సలహా ఇచ్చే పెద్దలు ఇంకా ఉన్నారు. వారి మాట వినకండి. జీవిత భాగస్వామి వల్ల ఒంటికో ఆత్మకో తీవ్ర ప్రమాదం ఉంటే విడిగా ఉండడానికి శ్రీసభ చట్టంలోని 1153వ నియమం వీలు కల్పిస్తుంది. అలాంటి ఇంట్లో ఉన్నవారు ఈ పుస్తకం పక్కన పెట్టి ముందు క్షేమమైన చోటికి వెళ్లండి. మహిళల సహాయవాణి నంబరు 181.

చిన్నవి ఇంకా ఉన్నాయి. రెండు రోజులు తప్పాయని మొత్తం మానేయడం. (తప్పిన రోజులకు పేజీలు వదలకండి, ఈ రోజుతో సాగండి.) భార్యాభర్తలు ఒకరి పుస్తకం ఒకరు చదవడం. మనుషుల పూర్తి పేర్లు రాయడం. పొడి అక్షరాలు చాలు.

పని చేస్తోందో లేదో చూసుకోవడం

ముప్పై రోజులు అయ్యాక చూడండి, ముందు వద్దు. తప్పు జరగడానికీ క్షమాపణ అడగడానికీ మధ్య ఎంత సమయం పడుతోంది? మొదట్లో నాకు మూడు రోజులు పట్టేది, ఇప్పుడు చాలాసార్లు సాయంత్రానికి అవుతోంది. తోటి ఉద్యోగికి ప్రమోషను వచ్చిందని విన్నప్పుడు అభినందన ముందు పెదవుల మీదికి వస్తోందా, అతడి లోపం ముందు గుర్తుకొస్తోందా? పాపసంకీర్తనంలో ‘కోపం వచ్చింది స్వామీ’ అనే ముక్తసరి మాట స్థానంలో ‘ఎవరి మీద, ఎందుకు’ వస్తోందా? మీ గురువే తేడా పట్టేస్తారు.

ఇంట్లోవాళ్లను అడిగితే మరీ మంచిది. ‘నాలో వినయం పెరిగిందా?’ అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్న అడిగితేనే జవాబు తెలిసిపోతుంది. ‘ఈ నెలలో నీ మాట నేను పూర్తిగా విన్నది ఎప్పుడు?’ అని అడగండి. మా అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. తర్వాత ఒక్క రోజు పేరు చెప్పింది. చుక్కల గీతలున్న పేజీ తీసి చూశాను, ఆ రోజు గీత మీద చుక్క లేదు.

ఏ మార్పూ కనిపించకపోతే ఆరో అంశం చూసుకోండి. తొంభై పాళ్లు లోపం అక్కడే ఉంటుంది, రేపటి పనిలో మనిషి పేరూ వేళా రాసి ఉండవు.

పుస్తకం నిండాక దాచుకోకండి. టిక్కులు ఎక్కడెక్కడ పడ్డాయో ఒక్క పేజీకి ఎక్కించి కొత్త పుస్తకం మొదట్లో అంటించండి. మిగతాది చింపి పొయ్యిలో వేయండి. నా మొదటి పుస్తకాన్ని వేడినీళ్ల పొయ్యి కిందే కాల్చాను. జాబితా ఉన్న పేజీలు పది, ఒక్క చెంబుడు నీళ్లు కూడా కాగలేదు.